వదులు పోగుకు కట్టిన బరువు

రోడ్డు మీద ఇనుప ముక్క కనబడితే వంగకుండా ముందుకు నడవడం అంకమ్మరావుకు చేతకాదు. నట్టో, వాషరో, విరిగిన తాళంచెవో, ఏదైనా సరే. మంగళగిరి బజారులో ఆయనతో మాట్లాడుతూ నడిచేవాళ్లు పక్కకు తిరిగి చూస్తే మనిషి ఉండడు. నాలుగడుగుల వెనక నేల మీద దేన్నో ఏరుకుంటూ ఉంటాడు. భార్య శివపార్వతి దాన్ని రోగమనేది. మందు లేని రోగమని కూడా అనేది.

నిజానికి అది రోగం కాదు, పిసినారితనమూ కాదు, నేతపని నేర్పిన అలవాటు. మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులన్నిటినీ కలిపి పడుగంటారు. అందులో రోజూ ఏదో ఒక పోగు తెగుతుంది. ముడి వేయవచ్చు, వేస్తారు కూడా. కానీ ముడేసిన పోగు మిగతావాటంత బిగువుగా నిలబడదు. దాన్ని అలాగే వదిలేస్తే చీరలో అక్కడ నేత ఉబ్బుతుంది, షావుకారు వేలు సరిగ్గా అక్కడికే వెళ్లి ఆగుతుంది. అందుకని మగ్గం వెనకవైపు ఆ వదులు పోగుకు చిన్న బరువొకటి వేలాడదీస్తారు. బట్ట నేసేకొద్దీ పడుగు ముందుకు జరుగుతుంది, దానితోపాటు బరువూ జరిగి వస్తుంది. కాబట్టి రోజూ పొద్దున్నే రెండు వేళ్లతో పట్టుకుని దాన్ని మళ్లీ వెనక్కి జరపాలి. అంకమ్మరావు మగ్గాన్ని వెనకనుంచి చూస్తే పాత ఇనుప సామాన్ల కొట్టులా ఉండేది.

ఆ కొట్టు చూసి నవ్వేది చెల్లెలు రాజేశ్వరి. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. అన్న ఏడో తరగతితో బడి మానేసి మగ్గం గుంటలోకి దిగబట్టే తను బీఎస్సీ, బీఎడ్ చదవగలిగానని ఆమెకు తెలుసు. తల్లి పోయాక ఆమెకు జడ వేసింది, పరీక్షలప్పుడు పాలు కాచి ఇచ్చింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది వదిన. ఒకసారి రాజేశ్వరికి పెళ్లి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. రెండోసారి చూపులకు ఆమె ఒప్పుకోలేదు. అన్నావదినలకు పిల్లలు లేరు, ఆమె ఆ ఇంటి పైగదిలోనే ఉండిపోయింది. యాభై ఏళ్లు దాటిన రాజేశ్వరికి లోకంలో నా అన్నవాళ్లు ఇద్దరే. ఈ కథలో ఏదైనా పోవలసి ఉంటే ఆ ఇద్దరిలోంచే పోవాలి. అది ముందే చెప్పడం మంచిది.

ఏటా పరమాణువు పాఠం వచ్చినప్పుడు రాజేశ్వరికి హుషారు పుట్టుకొచ్చేది. పుస్తకం మూసేసి కిటికీలోంచి కొండ చూపించేది. “ఆ కొండంత పరమాణువు అనుకోండి. దాని మధ్యలో కేంద్రకం ఆవగింజంత. బరువంతా ఆ ఆవగింజలోనే. మిగతాదంతా ఏముంది? ఖాళీ. ఆ ఖాళీలో ఎలక్ట్రాన్లు.” ఎలక్ట్రాన్ల వరసలు చెప్పాలంటే పెళ్లి భోజనాల బంతి వేసేది. మొదటి బంతిలో రెండే ఆకులు, రెండో బంతిలో ఎనిమిది. సోడియానికి మొత్తం పదకొండు మంది చుట్టాలు, అంటే మూడో బంతిలో ఒక్కడే మిగులుతాడు. వాడికి ఒంటరిగా తోచదు, ఎవరు పిలిస్తే వాళ్లతో లేచి పోతాడు. పిల్లలు నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లోనే అసలు సంగతి చెప్పేసేది. ఒక పదార్థం మెరుపు, రంగు, గట్టిదనం, ఎవరితో కలుస్తుంది, ఎవరితో కలవదు, ఇదంతా బయట తిరిగే ఎలక్ట్రాన్ల వల్లే. లోపల ప్రోటాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లూ అన్నే.

“మరి న్యూట్రాన్ టీచర్?” అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

“న్యూట్రానా? అది సాధువు. దానికి ధనమూ లేదు, రుణమూ లేదు. బరువుకి తప్ప ఎవరి జోలికీ పోదు” అని చెప్పి గంట కొట్టేలోపు పాఠం ముగించేది. పరీక్షకు అది చాలు. ఆ తర్వాతి పేజీలో ఉన్నదాన్ని ఏటా రెండు వాక్యాల్లో దాటేసేది.

ఆ వేసవి చివర్లో మంగళగిరి పక్కన పెద్దరోడ్డు వెంట పైపులైను వేస్తున్నారు. పైపుకు పైపు అతికిన చోట లోపల పగుళ్లు ఉన్నాయో లేవో కంటికి కనబడదు. అందుకని ఆసుపత్రిలో ఎముకకు తీసినట్టు అతుకులకు ఫోటో తీస్తారు. ఆ ఫోటోకు కావలసిన కిరణాలు బరువైన పెట్టెలో దాచిన ఒక చిన్న ముక్కలోంచి వస్తాయి. బయటికి చూస్తే జానెడు లేని స్టీలు తీగ, దాని కొసన పెన్సిలు మొనంత స్టీలు గొట్టం. బండి తాళాలకు తగిలించుకునే గొలుసులా ముచ్చటగా ఉంటుంది. ఆ గొట్టం లోపల ఉండేది ఇరిడియం అనే లోహం.

రాజేశ్వరి దాటేసిన పేజీలో ఉన్నది ఇదే. ఇరిడియం కేంద్రకంలో డెబ్భై ఏడు ప్రోటాన్లు, చుట్టూ బంతులు తీరి డెబ్భై ఏడు ఎలక్ట్రాన్లు. భూమిలో దొరికే ఇరిడియంలో న్యూట్రాన్లు నూట పద్నాలుగైనా ఉంటాయి, నూట పదహారైనా ఉంటాయి. రెండూ కుదురుగా ఉంటాయి, ఎవరికీ ఏ హానీ చేయవు. రియాక్టరులో పెట్టి నూట పద్నాలుగు ఉన్నదానికి ఇంకొక్కటి ఎక్కిస్తే నూట పదిహేను అవుతుంది. పైకి ఏమీ మారదు. ఎలక్ట్రాన్లు అవే కాబట్టి మెరుపు అదే, గట్టిదనం అదే. లోపల మాత్రం ఆ కేంద్రకానికి నిలకడ పోతుంది. ఒక న్యూట్రాను ఉన్నట్టుండి ప్రోటానుగా మారి ఒక ఎలక్ట్రానును బయటికి విసిరేస్తుంది. మిగిలిన విసురు కిరణాలై గోడలోంచి, ఎముకలోంచి, మనిషిలోంచి దూసుకుపోతుంది. ఇరిడియం ప్లాటినం అయిపోతుంది. ఇలా ఒక్కొక్క పరమాణువూ మారుతూ రెండున్నర నెలలకు సగం కరుగుతుంది, ఇంకో రెండున్నర నెలలకు మిగిలినదాంట్లో సగం. ఈ ముక్క పాతది, చాలావరకు కరిగి విసురు తగ్గినది, ఎప్పుడో తిప్పి పంపేయవలసింది. కొత్తదే అయి ఉంటే ఈ కథ ఇంత దూరం కూడా వచ్చేది కాదు.

పెట్టెలోంచి తీగ కొక్కెం ఊడి ముక్క మట్టిలో పడింది. పనివాళ్లు పెట్టె సర్దుకుని వ్యాను ఎక్కారు. ముక్క పెట్టెలో ఉందో లేదో చూసి చెప్పే మీటరుకు బ్యాటరీ లేదు. పోయిందని తెలిశాక కాంట్రాక్టరు మనుషులు వాళ్లలో వాళ్లే గుట్టుగా వెతుక్కున్నారు గానీ పోలీసులకు చెప్పలేదు, ఊరికి చెప్పలేదు. చెబితే లైసెన్సు పోతుందట. లైసెన్సు విలువ తెలిసిన ఆ పెద్దమనుషులకు దండం పెట్టాలి.

మట్టిలో మెరిసినదాన్ని చూసి వంగింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. కూరగాయల సంచిలో వంకాయల మధ్య వేసుకుని అంకమ్మరావు ఇల్లు చేరాడు. ఆ రోజే జరీ అంచు పక్కన ఒక పోగు తెగింది. ముడేసి, కొత్తగా దొరికిన ముక్కను దానికి తగిలించి, వెనక్కి తగ్గి చూసుకున్నాడు.

“చూడవే రాజీ, అచ్చం దీని కోసమే చేసినట్టుంది. ఎంత బరువుండాలో అంతే ఉంది.”

బడినుంచి అప్పుడే వచ్చిన రాజేశ్వరి దాన్ని వంగి చూసింది. “ఎవరిదో బండి గొలుసు అన్నయ్యా. పాపం, వెతుక్కుంటుంటారు.”

“వెతుక్కోనీలే. ఇది నీ న్యూట్రాన్ లాంటిది. బరువుకి తప్ప దేనికీ పనికిరాదు.”

రాజేశ్వరి నవ్వింది. అన్న తన పాఠం గుర్తుపెట్టుకున్నందుకు ఆమెకు సంతోషమేసింది. కిటికీ దగ్గర రాట్నం తిప్పుతున్న శివపార్వతి కూడా తలెత్తి నవ్వింది. మగ్గం ముందు గుంటలో అంకమ్మరావు, మగ్గం వెనక కిటికీ వెలుతురులో నూలు కండెలు చుడుతూ శివపార్వతి. పెళ్లయిన నాటినుంచి ఆ గదిలో వాళ్ల చోట్లు అవే. వేలాడే బరువుకూ అంకమ్మరావుకూ మధ్య మగ్గమంత దూరం ఉంది. శివపార్వతికి మాత్రం అది చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో ఉంది.

తర్వాత రోజులు మామూలుగానే గడిచాయి, అదే భయంకరం. మగ్గం చప్పుడు అలాగే ఉంది. పొద్దున్నే అంకమ్మరావు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ ముక్కను పట్టుకుని వెనక్కి జరిపేవాడు, తీగ మెలిపడితే తీరిగ్గా సరిచేసేవాడు. అది వెచ్చగా లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. కొన్నాళ్లకు ఆ రెండు వేళ్లూ ఎర్రబడ్డాయి. నూలు రంగు ఒంటికి పడలేదేమోనని అనుకున్నారు. తర్వాత నీరు పట్టి ఉబ్బాయి. వీధి చివరి డాక్టరు బొబ్బల మందు రాసిచ్చి, “వేడినీళ్లేమైనా పోసుకున్నారా?” అని అడిగాడు. పోసుకోలేదంటే నమ్మలేదు.

శివపార్వతికి అన్నం సయించడం మానేసింది. మెట్లెక్కి పైగదికి కాఫీ తెచ్చేటప్పుడు మధ్యలో ఆగి నిలబడేది. “వయసు మీద పడుతోందమ్మా రాజీ” అంది. రాజేశ్వరి నిజమేననుకుంది. ఆమె కళ్లన్నీ అన్న వేళ్ల మీదే ఉన్నాయి. నేతగాడి బొటనవేలూ చూపుడువేలూ పోతే ఇక అతనిలో ఏం మిగులుతుందన్నదే ఆమె దిగులు.

ఒక ఆదివారం, బళ్లో పిల్లలకు చూపించడానికి మగ్గాన్ని ఫోనులో వీడియో తీసింది. పోగులు కలిసి బట్ట అయినట్టే పరమాణువులు కలిసి పదార్థం అవుతుందని చెప్పి పాఠం మొదలుపెట్టాలని ఆమె ఆలోచన. ముందు వైపు తీసి, చుట్టూ తిరిగి వెనక వైపు కూడా తీసింది. తర్వాత చూసుకుంటే బొమ్మ మీద తెల్లచుక్కలు. ముందు వైపు అక్కడక్కడా ఒకటి, వెనక వైపుకు వచ్చేసరికి ఉప్పు చల్లినట్టు. అవి ఒకచోట నిలవడం లేదు, మెరిసి ఆరిపోతున్నాయి. ఫోను కొని ఏడాదైనా కాలేదు. ఆమెకు ఒళ్లు మండింది.

మర్నాడు బడికి సెలవు పెట్టి బస్సెక్కి బెజవాడ వెళ్లింది. గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసే బాబీ దగ్గరికి టీచర్లందరూ వెళతారు. అతను ఆమె ఫోనుతో తన కొట్టును వీడియో తీశాడు. ఒక్క చుక్క లేదు. రోడ్డు మీదికి వచ్చి తీశాడు, అక్కడా లేదు.

“కెమెరా అద్దంలాగుందండీ. మరి ఈ వీడియో ఎక్కడ తీశారు మేడం?”

“మా ఇంట్లోనే.”

“అయితే రోగం ఫోనుకి కాదండీ, మీ ఇంటికుంది” అని నవ్వాడు బాబీ. పాపం, అతను సరదాకే అన్నాడు. “దుమ్మో, లైటు పడటమో అయ్యుంటది. కెమెరా మీద వేలెట్టి మూసేసి తీయండి. అప్పుడు నల్లగా రావాలి. అప్పుడు కూడా చుక్కలొస్తే అది వెలుతురు కాదు.”

రాజేశ్వరి కృతజ్ఞత చెప్పి బయటపడింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వారధి ఎక్కింది, కింద కృష్ణ ఎండలో మెరుస్తోంది. వెలుతురు కాదు అన్న మాట ఆమె బుర్రలో తిరుగుతోంది. వేలు అడ్డం పెట్టినా ఆగకుండా వేలులోంచి వచ్చి కెమెరాకు తగిలేది ఏముంటుంది? ప్రశ్న పూర్తయ్యేలోపే జవాబు దొరికింది. ఏటా రెండు వాక్యాల్లో దాటేసిన పేజీ ఆమె కళ్ల ముందు తెరుచుకుంది. మెరిసే స్టీలు తీగ, కొసన గొట్టం, పెద్దరోడ్డు పక్కన పైపులు, అన్న వేళ్లు. ఇంటికి ఫోను చేసింది. మగ్గం ఆడుతుంటే ఆ ఇంట్లో ఫోను ఎవరికీ వినబడదు.

ఆమె గుమ్మంలో కాలు పెట్టేసరికి అంకమ్మరావు వేళ్లకు గుడ్డ చుట్టుకుని నేస్తున్నాడు. శివపార్వతి కిటికీ దగ్గర రాట్నం ముందు కూర్చుని ఉంది. రాజేశ్వరి బొటనవేలితో కెమెరా మూసి గదిలోకి నడిచింది. నల్లటి తెర మీద ఒక చుక్క మెరిసింది. రెండడుగులు వేస్తే నాలుగు. మగ్గం వెనక్కి తిరిగేసరికి, వదిన పీట పక్కన, తెర నిండా చుక్కలు పుట్టి చస్తున్నాయి. కన్ను మూసుకున్నా కనబడుతున్నట్టే ఉంది.

“లేవండి. ఇద్దరూ లేవండి. బయటికి నడవండి.”

“ఏందే, ఏమయ్యింది?” అన్నాడు అంకమ్మరావు.

“బయటికి పద అన్నయ్యా, చెబుతాను. వదినా, ఆ కండె వదిలెయ్. వదిలెయ్ అంటుంటే!”

ఆమె అన్నగారి మీద గొంతెత్తడం అదే మొదలు. వాళ్లు లేచింది ఆ గొంతుకు బెదిరే. వీధి అవతలి అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు మాటల్లో చెప్పింది. అంకమ్మరావుకు సగం అర్థమైంది.

“ఆ ముక్కేనా? ఓస్, దానికింత రాద్ధాంతమా! ఒక్క నిమిషం, నేనెళ్లి తీసి కాలవలో పారేసొస్తా. పోగు మాత్రం తెగనివ్వను, ఇంకో మూడు మూరలేగా ఉంది.”

ఆయన లేచాడు. రాజేశ్వరి ఆయనకు అడ్డంగా నిలబడింది. “దాన్ని ఇంకొక్కసారి ముట్టుకున్నావంటే నేనూ లోపలికొచ్చి నీ పక్కనే కూర్చుంటాను. తర్వాత నీ ఇష్టం.” అంకమ్మరావు చెల్లెలి మొహం చూసి మళ్లీ అరుగు మీద కూలబడ్డాడు. ఆయన నేత సగంలో ఆపేసి బయటికి వచ్చింది అదివరకు ఒక్కసారే, తల్లి పోయిన రోజు.

రాజేశ్వరి ఫోను చేస్తే పోలీసులు వచ్చారు, వాళ్లు మొదట నవ్వారు. ఆమె నల్లటి తెర చూపించాక నవ్వలేదు. సాయంత్రానికి మీటర్లు పట్టుకుని వేరే మనుషులు దిగారు. వీధి మొగలోనే మీటరు గీపెట్టడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించి, పొడవాటి పటకారుతో ముక్కను పట్టి సీసపు పెట్టెలో వేసుకుని పోయారు. పోగు తెగింది. “దీన్ని ముట్టుకున్నది ఎవరు?” అని అడిగితే వీధి వీధంతా అంకమ్మరావునే చూపించింది. ఆయన కుడిచేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు, ఫోటోలు తీసుకున్నారు. పేరుకు ముగ్గురి దగ్గరా నెత్తురు తీసుకున్నారు.

బెజవాడ ఆసుపత్రిలో అంకమ్మరావును చేర్చుకున్నారు. రెండు వేళ్లూ నల్లబడుతున్నాయి. తీసేయాల్సి రావచ్చన్నారు, ఇప్పుడే చెప్పలేమన్నారు. రాజేశ్వరి మంచం పక్కన కూర్చుని, ఆయన అడిగితే, ఆ ముక్క సంగతంతా విడమర్చి చెప్పింది. ఈసారి ఒక్క పేజీ దాటేయలేదు. ఆయన కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

“అయితే ఉండాల్సినదానికంటే ఒక్కటి ఎక్కువ. అంతేనా?”

“అంతే అన్నయ్యా.”

“పడుగులో ఒక్క పోగు ఎక్కువైతే నా వేలు పట్టేసేదే. దీన్ని రోజూ పట్టుకున్నా తెలవలేదు చూడు.”

రాజేశ్వరికి ఏడుపు ఆగలేదు. శివపార్వతి బత్తాయి ఒలుస్తూ, “ఊరుకో రాజీ, వేళ్లేగా. మనిషున్నాడు, అది చాలు” అంది. అని, చీర కొంగుతో పెదవి తుడుచుకుంది. కొంగు మీద ఎర్రటి మరక పడింది. “పళ్లు తోముకున్నప్పట్నించీ చిగుళ్లలోంచి నెత్తురొస్తానే ఉంది, ఈ బ్రష్షు మంచిది కాదు” అని దాన్ని మడిచి దాచేసింది.

రాజేశ్వరి ఆ కొంగు వంక చూసింది. ఆ నల్లటి తెర ఆమెకు గుర్తొచ్చింది. చుక్కలు తెర నిండా పుట్టింది అన్న కూర్చునే చోట కాదు, వదిన పీట పక్కన. అది తన కళ్లతోనే చూసింది, చూసి కూడా ఇన్నాళ్లూ వేళ్ల గురించే ఏడ్చింది.

అప్పుడే నర్సుతో కలిసి డాక్టరు లోపలికి వచ్చింది. చేతిలో కాగితాలున్నాయి. అంకమ్మరావు కుడిచేతిని ముందుకు చాపాడు. ఆమె దాన్ని చూడలేదు.

“శివపార్వతి గారంటే ఎవరండీ?”

“నేనేనమ్మా” అని శివపార్వతి లేచి నిలబడింది.

“మీరు మగ్గం దగ్గర ఎక్కడ కూర్చునేవారు?”

“వెనక, కిటికీ దగ్గర. వెలుతురు బాగుంటదని.”

డాక్టరు కాగితం మడిచింది. “మిమ్మల్ని కూడా ఇప్పుడే చేర్చుకోవాలమ్మా. విడిగా గది ఇస్తాం. మీ రక్తంలో కణాలు బాగా పడిపోయాయి, ఇంకా పడతాయి.”

శివపార్వతి చేతిలో బత్తాయి తొనలు అలాగే ఉన్నాయి. ఆమె డాక్టరును చూడలేదు, మొగుణ్ణీ చూడలేదు. తను జడలు వేసి పెంచిన పిల్ల, ఆ ఇంట్లో ఏది అడిగినా జవాబు చెప్పే పిల్ల వైపు తిరిగింది.

“అదేందే రాజీ? నేను దాన్ని ఒక్కసారైనా ముట్టుకోలేదు కదే.”

రాజేశ్వరి లేచి వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా ఎర్రబడలేదు, ఒక్క బొబ్బ లేదు.

“ముట్టుకోనక్కర్లేదు వదినా” అంది.